మేడమ్ ముడి

జూన్ 18, 2024, మంగళవారం

స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఆడపిల్లల ట్రూప్ ఈ ఏడు కూడా నాకే తగిలించారు. స్టాఫ్ రూంలో అందరి ముందూ హెచ్చెమ్ ప్రసాదరావు గారు, శాలిని మేడమ్ గారికి ఇంటి దగ్గర పిల్లలూ అవీ లేరు కదండీ, ఆవిడకైతే తీరిక ఉంటుంది అన్నారు. మొదటి ఏడు ఈ మాటకి బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. ఇది ఏడో ఏడు. నవ్వి రిజిస్టర్ తీసుకున్నాను.

మధ్యాహ్నం ఎనిమిది, తొమ్మిది క్లాసులు తిరిగాను. క్యాంప్ ఫైర్ ఉంటుంది, టెంట్లు ఉంటాయి, వీపున బ్యాగులేసుకుని హైక్‌కి వెళ్తాం అని చెప్పాను. ఏటా చెప్తాను. ఆరేళ్లలో మేం చేసిన హైక్ అంటే స్కూల్ గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు. 'ప్రకృతి ఒడిలో పదహారు కిలోమీటర్లు' అని నేను బోర్డు మీద రాసేదాన్ని, పిల్లలు లాగ్ బుక్కుల్లోకి ఎక్కించుకునేవారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్లు చేతిరాత బాగుందనేవారు.

ఇరవై రెండు మంది పేర్లిచ్చారు.

జూన్ 21

సుష్మితని చేర్చడానికి వాళ్ల నాన్న సత్యనారాయణ గారు స్వయంగా వచ్చారు. ఉల్లిపాయల హోల్‌సేల్ వ్యాపారం, మా స్కూల్ కమిటీలో మెంబరు కూడా. ఏవండీ మేడమ్ గారూ, దీనివల్ల పిల్లకి కాలేజీ సీటు దగ్గర ఏమన్నా కలిసొస్తుందాండీ అని అడిగారు. స్టేట్ అవార్డు సర్టిఫికెట్ వస్తే కోటాలో పనికొస్తుందండి అన్నాను. మరైతే బాగా నడిపించండి, మా పిల్లకి ఇంట్లో మెట్లెక్కడానికే బద్ధకం అన్నారు. మనిషి మంచివాడే. వెళ్తూ వెళ్తూ గ్రౌండ్‌లో పడి ఉన్న చెత్త ఏరి డబ్బాలో వేశారు. నేను చూస్తున్నానని కాదు, అలవాటనుకుంటాను.

జూలై 6, శనివారం

ముళ్లు మొదలుపెట్టాను. ఇవాళ రీఫ్ నాట్, రెండు తాళ్లు కలిపి కట్టే ముడి. కుడి కొస ఎడమ మీదకి, మళ్లీ కుడి కొసే ఎడమ మీదకి, లాగు. నా చేతులు వాటంతటవే పోతాయి. ట్రైనింగ్ క్యాంపులో ముళ్ల క్లాసు రోజున నేను జ్వరంతో పడుకున్నాను. తర్వాత పక్కావిడ వేస్తుంటే చూసి పట్టేశాను. అంత చురుకు అప్పట్లో.

ట్రూప్‌లోని జట్లలో ఒకటైన లోటస్ పెట్రోల్‌కి లీడర్‌గా తేజశ్రీని పెట్టాను. తొమ్మిదో క్లాసు, హాస్టల్ పిల్ల, ట్రూప్‌లో రెండో ఏడు. కొల్లేట్లో లంక ఊరు వాళ్లది, నాన్న చేపలు పడతాడు. పిల్ల నెమ్మది. కానీ తాడు పట్టుకున్న ప్రతిసారీ నా ముఖంలోకి చూసి, కాసేపు ఆగి, అప్పుడు వేస్తుంది. వలలు అల్లే ఇంట్లో పుట్టి ముడికి ఇంత ఆలోచనేమిటే అన్నాను. తల దించుకుని, అలాగేనండి మేడమ్ అంది. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

సెప్టెంబర్ 3

వానలు. మీటింగ్ లేదు. హాయిగా ఉంది.

అక్టోబర్ 26, శనివారం

ఏలూరులో సెకండ్ స్టేజ్ టెస్టు. టీచర్లని బయట కూర్చోబెట్టి పిల్లల్ని లోపల పరీక్ష చేశారు. మావాళ్లు అందరూ పాస్. ముళ్లలో నూటికి నూరు. ఎగ్జామినర్‌గా వచ్చిన పెద్దాయన, మీ ట్రైనింగ్ చాలా పక్కాగా ఉందండీ మేడమ్ అన్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ మాటే తల్చుకుంటూ వచ్చాను. అమ్మకి కూడా రెండుసార్లు చెప్పాను.

నవంబర్ 19

ఈ ఏడు స్కూల్ సావనీర్‌లో గైడ్స్ ఫొటోలు వేస్తారట. గ్రౌండ్ చుట్టూ తిరిగితే కుదరదండీ మేడమ్, ఎక్కడికన్నా నిజంగా తీసుకెళ్లండి అన్నారు హెచ్చెమ్ గారు. అంటే ఇన్నాళ్లూ ఆయనకి తెలుసన్నమాట. ముఖం కందిపోయింది.

తేజశ్రీ మెల్లిగా వచ్చి, మా ఊరు రండి మేడమ్, నాన్న పడవ ఉంది, అమ్మ వండిపెడుతుంది అంది. ఆ పిల్ల ఇన్ని మాటలు ఒక్కసారి అనడం ఇదే మొదలు.

డిసెంబర్ 14, శనివారం, సాయంత్రం 5:40, ఏలూరు, ఆసుపత్రి వరండా

వరసగా రాస్తాను.

పొద్దున్న ఆరింటికి స్కూల్ వ్యాన్‌లో మా ఊరు గూడెం నుంచి బయల్దేరాం. ఇరవై రెండు మంది పిల్లలు, నేను, సాయానికి గీతాంజలి టీచర్. ఏలూరు దాటాక కొల్లేరు గట్టు మీద దిగి నడక మొదలుపెట్టాం. రెండు పక్కలా చేపల చెరువులు, మీద పల్చగా మంచు. నిజంగా నడిచాం. బ్యాగు పట్టీలు భుజాలు కోస్తాయనీ, గడ్డి గింజలు సాక్సుల్లో దూరి గుచ్చుకుంటాయనీ, పిల్లలు మూడో కిలోమీటరుకే నీళ్లన్నీ తాగేస్తారనీ నాకు తెలియదు. బోర్డు మీద రాసిన వాటిలో ఇవేవీ లేవు. గూడబాతులు నెత్తి మీంచి పోతుంటే సుష్మిత నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. మెట్లెక్కడానికి బద్ధకించే పిల్ల ఎనిమిది కిలోమీటర్లూ నడిచింది. నాకు చాలా సంతోషంగా అనిపించింది అప్పుడు. అది కూడా రాసుకోవాలి.

ఊరికి ఇవతల ఒక కాలవ. తేజశ్రీ నాన్న చిట్టిబాబు పడవలో మూడు ట్రిప్పులుగా దాటించాడు. ఆఖరి ట్రిప్పులో నేను, తేజశ్రీ. నీళ్లు తగ్గి ఉన్నాయి, పడవ తాడు ఒడ్డు మీది రాట దాకా అందలేదు. చిట్టిబాబు ఇంకో తాడు ముక్క తెచ్చి కూతురి చేతికిచ్చి, ఇది కలిపి కట్టేసి రావే అమ్మా, నేను అన్నం సంగతి చూస్తాను అని వెళ్లిపోయాడు. మిగతా పిల్లల్ని గీతాంజలి టీచర్ అప్పటికే ఊళ్లో బడి దగ్గరికి తీసుకెళ్లింది.

తేజశ్రీ రెండు కొసలూ పట్టుకుంది. ఇలా తే అని నేను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నాను? ఆరేళ్లుగా బల్ల కాళ్లకీ కుర్చీలకీ వేయించిన ముడి, ఒక్కసారి నిజం పడవకి వేసి చూడాలనిపించింది. వేశాను. లాగి చూశాను. చూశావా, రీఫ్ నాట్ అంటే ఇదీ అన్నాను. తేజశ్రీ ఆ ముడి వంకే చూస్తూ నిలబడింది. పద పద, నువ్వు వడ్డించాలి అని వెంటబెట్టుకుపోయాను.

భోజనాలయ్యాక సుష్మిత ఫొటోలు దిగుదామని ఒక్కతే వెళ్లి పడవెక్కి కూర్చుంది. గాలి తోసింది. ముడి జారింది. కేకలు విని మేం పరిగెత్తేసరికి పడవ కాలవ నడిమధ్యకి పోయింది, రాటకి తాడు ముక్క వేలాడుతోంది. కూర్చో కూర్చో అని అరుస్తున్నాం, ఆ పిల్ల భయంతో లేచి దూకేసింది. పడవ అంచు చేతికి తగిలింది, కాళ్లు బురదలో దిగిపోయాయి. తేజశ్రీ బూట్లతోనే దూకి, ఈదుకుంటూ పోయి, ఆ పిల్ల గడ్డం నీళ్ల పైకి ఎత్తి పట్టుకుంది. మగవాళ్లు ఇంకో పడవలో వచ్చేదాకా అలాగే పట్టుకుని ఉంది. నేను ఒడ్డున విజిల్ ఊదుతూ నిల్చున్నాను.

సుష్మితకి మణికట్టు దగ్గర రెండు చోట్ల విరిగింది. ప్రాణానికేం ఫర్వాలేదు.

ఒడ్డున ఎవరో అడిగారు, పడవ కట్టిందెవరని. మా పిల్లకే ఇచ్చానండి తాడు అన్నాడు చిట్టిబాబు. తేజశ్రీ నా వంక చూసింది. తర్వాత నేల చూసింది. నేను సుష్మిత రెండో చెయ్యి పట్టుకుని ఉన్నాను. ఆ పనిలో ఉన్నట్టు ఏమీ అనలేదు.

డిసెంబర్ 15, ఆదివారం

తలనొప్పి అని చెప్పి చర్చికి వెళ్లలేదు. అమ్మ ఒక్కతే వెళ్లింది. అమ్మ పేరు సువార్తమ్మ, నలభై ఏళ్లు నర్సు పని చేసి రిటైరైంది, ముఖం చూసి జ్వరం ఎంతుందో చెప్పేస్తుంది. తలుపు దగ్గర ఆగి నన్ను చూసింది. నేను దుప్పటి కప్పుకున్నాను.

తడి నైలాన్ తాడు. ఎవరు కట్టినా జారేది. ఈ మాట పొద్దుటి నుంచి ఓ వందసార్లు అనుకుని ఉంటాను.

డిసెంబర్ 16, సోమవారం

హెచ్చెమ్ గారి రూంలో మీటింగ్. సత్యనారాయణ గారు కేకలు వేస్తే బాగుండేది. వెయ్యలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పిల్ల బతికింది, అది చాలండి, కానీ ఎవరి నిర్లక్ష్యమో తెలియాలి కదండీ అన్నారు. హెచ్చెమ్ గారు నన్నడిగారు. తాడు తేజశ్రీ చేతికే ఇచ్చారండి వాళ్ల నాన్న అన్నాను.

ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇంత తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియడం లేదు. ఈదింది కూడా ఆ అమ్మాయేనండి అని గీతాంజలి టీచర్ అంది. నిజమేనండి, కానీ బాధ్యత బాధ్యతే కదా అన్నారు హెచ్చెమ్ గారు. తేజశ్రీని లీడర్‌గా తీసేశారు. స్టేట్ అవార్డు క్యాంపు లిస్టులోంచి పేరు కూడా.

డిసెంబర్ 17

లిస్టులో ఆ పేరు కొట్టేసింది నేనే. స్కేలు పెట్టి కొట్టేశాను.

డిసెంబర్ 18, బుధవారం

సాయంత్రం చిట్టిబాబు ఇంటికి వచ్చాడు. బకెట్‌లో నీళ్లు పోసి, రెండు కొరమీనులు ప్రాణంతో తెచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. మా పిల్ల వల్ల మీకు మాటొచ్చిందండి, చిన్నప్పట్నించీ పడవ కట్టిన పిల్లేనండి, ఆ రోజేం పుట్టిందో, మీరు మనసులో పెట్టుకోకండమ్మా అన్నాడు. నా కంటే పదేళ్లు పెద్దవాడు. చేతులు జోడించాడు. నేను వద్దండీ, వద్దండీ అన్నాను. ఆయన కొరమీనులు వద్దంటున్నాననుకుని, మీరు కాదనకూడదండి అని బకెట్ లోపల పెట్టి వెళ్లిపోయాడు.

అమ్మ పులుసు పెట్టింది. తిన్నాను. బాగుంది కూడా.

డిసెంబర్ 25

క్రిస్మస్. కొత్త చీర కట్టుకుని చర్చిలో మొదటి వరసలో కూర్చున్నాను. అందరూ షేక్‌హ్యాండ్ ఇచ్చారు.

జనవరి 21, 2025, మంగళవారం

సంక్రాంతి సెలవులయ్యాయి. తేజశ్రీ హాస్టల్‌కి రాలేదు. ఇక పంపరటండీ అని వార్డెన్ చెప్పింది.

మీటింగ్ పెట్టాను. లోటస్ పెట్రోల్‌ని పిలిచి, వెయ్యండి రీఫ్ నాట్ అన్నాను. షారోన్ అని ఎనిమిదో క్లాసు పిల్ల, జూన్‌లో చేరింది, ఇంకా మాటలు దాచుకోవడం రాదు. తాడు పట్టుకుని, మేడమ్ ముడా అండి, అసలు ముడా అండి అని అడిగింది.

పక్క పిల్ల గిల్లింది. నేను కోప్పడను చెప్పండి అన్నాను. మూడుసార్లు అడిగితే ఒక్కొక్కరే చెప్పారు. నేను నేర్పే ముడి తప్పట. రెండో సారి ఎడమ కొస రావాలట. తేజశ్రీ జూలైలోనే ట్రూప్ మొత్తానికీ అసలుది నేర్పేసిందట. మేడమ్ ఉన్నప్పుడు మేడమ్ ముడి, ఎగ్జామినర్ ఉన్నప్పుడు అసలు ముడి. ఆవిడకి చెప్పకండే, పెద్దావిడ, బాధపడతారు అందట.

రెండూ వేసి చూపించమన్నాను. గుంజాను. నాది జారింది. పొడి తాడే.

ఏలూరులో నూటికి నూరు ఎలా వచ్చాయో ఇప్పుడు తెలిసింది. ఆ రోజు బస్సులో నన్ను నేను ఎంత మెచ్చుకున్నానో గుర్తొచ్చి చెవులు కాలిపోయాయి. ఆరు బ్యాచ్‌ల పిల్లలకి నేర్పాను. ఇరవై రెండు మంది నా ముఖం చూసి ఆర్నెల్ల పాటు తప్పు ముడి వేశారు, నేను చిన్నబుచ్చుకుంటానని. ఇంతమంది పిల్లలు నన్ను కనిపెట్టుకుని ఉన్నారని తెలిస్తే సంతోషించాలి కాబోలు. నాకు మాత్రం ఆ గదిలోంచి ఎలా బయటపడాలో తెలియలేదు.

జనవరి 25, శనివారం

ఒక్కదాన్నే వెళ్లాను. బస్సు, ఆటో, నడక, పడవ.

తేజశ్రీ అరుగు మీద వల బాగుచేస్తోంది. నన్ను చూసి లేచి నిలబడి సెల్యూట్ చేసింది, లంగా ఓణీలో. ముడి తప్పని నీకు తెలుసు కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదే అన్నాను. మీరింకా అక్కడే ఉన్నారు కదండీ మేడమ్, మీ ఎదురుగా విప్పి కడితే ఏం బాగుంటుందండీ అంది. మీరు అన్నానికి కూర్చున్నాక వచ్చి మళ్లీ కట్టేద్దామనుకున్నానండి. వడ్డనలో పడి మర్చిపోయాను. తప్పు నాదేనండి, చూసి కూడా వదిలేశాను అంది.

నన్ను దెప్పడానికి అనలేదు. నెల రోజులుగా నిజంగా అలాగే అనుకుంటోంది.

వాళ్ల అమ్మ టీ తెచ్చింది. పడవ కట్టడం చేతకాని పిల్ల అని ఊళ్లో ఆటపట్టిస్తున్నారండీ అంది. కాలవ దగ్గరికి వెళ్తే మగపిల్లలు తాడు ఎత్తి చూపిస్తున్నారట. అందుకని బయటికి రావడం లేదు. చిట్టిబాబు గారు వచ్చి, చదువు చాల్లెండమ్మా, ఇక్కడే ఏదో పని చూసుకుంటుంది అన్నారు. నాలుగు మాటలు చెప్తే అయిపోయేది. ఆ ముడి నేను వేశానండి. నాలుగే మాటలు.

టీ తాగాను. పిల్లని బడికి పంపండి, లిస్టు సంగతి నేను చూసుకుంటాను అన్నాను. మీ దయ అన్నారాయన.

జనవరి 27

హెచ్చెమ్ గారికి ఉత్తరం, మొదటిసారి: పడవ ముడి వేసింది నేను. నాకు ఆ ముడి రాదు. ఆరేళ్లుగా తప్పు నేర్పాను. పిల్ల పేరు చెప్పి తప్పించుకున్నాను.

రెండోసారి: పడవ ముడి వేసింది నేను.

మూడోసారి: డిసెంబర్ 14న జరిగిన సంఘటనకు పూర్తి బాధ్యత నాదేనని, విద్యార్థిని తేజశ్రీపై తీసుకున్న చర్యను ఉపసంహరించవలసిందిగా మనవి.

మూడోది ఫెయిర్ చేశాను.

జనవరి 28

హెచ్చెమ్ గారు చదివి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పిల్ల కోసం ఇంత నింద మీద వేసుకునే టీచర్లు ఈ రోజుల్లో ఎక్కడున్నారండీ అన్నారు. కాదండీ అన్నాను. ఆయన చెయ్యెత్తి, ఇంకేం చెప్పకండి మేడమ్, నాకు అర్థమైంది అన్నారు. సత్యనారాయణ గారికి అప్పుడే ఫోన్ చేశారు. ఆయన కూడా ఒప్పుకున్నారట, లిస్టులో పేరు పెట్టెయ్యమన్నారట.

నేను ఇంకోసారి కాదండీ అనవచ్చు. అనలేదు.

ఫిబ్రవరి 3

తేజశ్రీ హాస్టల్‌కి వచ్చింది. సుష్మిత సిమెంటు కట్టు ఉన్న చెయ్యి చూపించి దాని మీద సంతకం చెయ్యమంది. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. నేను వేరే దారిలో స్టాఫ్ రూంకి వెళ్లాను.

ఫిబ్రవరి 22, శనివారం

స్కౌట్స్ దినం. స్టేజి మీదకి పిలిచి శాలువా కప్పారు. సత్యనారాయణ గారి చేతుల మీదుగా. త్యాగం అన్న మాట హెచ్చెమ్ గారు నాలుగుసార్లు అన్నారు. చిట్టిబాబు గారు కూడా వచ్చి వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టారు, కొడుతూనే ఉన్నారు. మైకు నా చేతికిచ్చారు. ఎదురుగా ఇరవై రెండు మంది, ఇస్త్రీ బట్టల్లో. వాళ్లకి ముడి సంగతి తెలుసు. ఎవరు కట్టారో తెలియదు. తెలిసింది ఒక్క తేజశ్రీకే. అది మొదటి వరసలో ఉంది.

అందరికీ ధన్యవాదాలు అన్నాను.

అమ్మ శాలువా మడిచి, ఏమైందే నీకు అని అడిగింది. ఎండ దెబ్బ అన్నాను. ఫిబ్రవరిలో.

ఫిబ్రవరి 24, సోమవారం, ఇంటర్వెల్

తేజశ్రీ ఒక్కతే వచ్చింది. తను చేసిన తప్పు నేను మీద వేసుకున్నానట, థాంక్స్ అండి మేడమ్ అంది. ఎగతాళేమోనని ముఖమంతా వెతికాను. లేదు.

పర్లేదమ్మా అన్నాను.